ఇంటి మాట

శనివారం పొద్దుగూకేలోపు అయిపోవాల్సిన పనులు ఇవి. కుమ్మరికి చెప్పిపెట్టిన పచ్చికుండ తేవాలి. కాల్చని కుండ అది, వేలు గట్టిగా నొక్కితే సొట్ట పడుతుంది. వేపరొట్ట తేవాలి. అత్త చీర పసుపు నీళ్ళలో ముంచి ఆరేయాలి. పోచమ్మ గద్దె కడగాలి. మైకువాడికి ఇంకోసారి ఫోన్ చేయాలి. తెల్లచొక్కా ఇస్త్రీకి ఇవ్వాలి, టై ఎక్కడుందో వెతకాలి. ప్రసంగం కాగితాలు ప్రింటు తీయించాలి. ప్రవక్త తన మొదటి దర్శనాన్ని ఒక్కోసారి ఒక్కోలా ఎందుకు చెప్పాడు అన్న ప్రశ్నకు జవాబు నోటికి వచ్చి ఉండాలి. టోపీలో రాయి పెట్టుకుని గ్రంథం చెప్పాడట కదా అని ఎవరైనా నవ్వితే, తడబడకుండా చెప్పే మాట ఒకటి సిద్ధం చేసుకోవాలి. సోమవారం పొద్దున గుడి ముందర ఒక్క వాక్యం పలకడానికి ఒప్పుకోవాలి.

ఆఖరి పని నర్సింహ పెట్టుకున్నది కాదు. అతని మేనత్త నాగమణమ్మ పెట్టింది. దానికి ప్రింటు అక్కర్లేదు, బట్టీ పట్టక్కర్లేదు. "మా అత్త చూసింది, ఇది మా ఇంటి మాట." అంతే. ఒక్క ఊపిరి చాలు.

లాల్‌దర్వాజా నుంచి శాలిబండకు పోయే సందుల్లో ఒకదాని మలుపులో ఉంది ఆ పోచమ్మ గుడి. ఆషాఢంలో బోనాలు అయిన మర్నాడు పొద్దున నాగమణమ్మ పచ్చికుండ మీద నిలబడుతుంది. అమ్మవారు ఆమె నోట ఏడాది మంచీ చెడూ పలుకుతుంది. రంగం అంటారు దాన్ని. రంగం నగరంలో చాలాచోట్ల చెప్తారు గానీ ఈ సందులో మాత్రం ఒక పట్టింపు అదనంగా ఉంది. ఆమె కుండ ఎక్కే ముందు, ఆమె ఇంటి మనిషి ఒకరు పదిమందిలో నిలబడి, ఈమెకు అమ్మ కనబడ్డ మాట నిజమని చెప్పాలి. ఇంట్లోవాళ్ళే నమ్మని మనిషిని వీధి ఎందుకు నమ్మాలని పాతవాళ్ళు పెట్టిన కట్టుబాటు. ఇన్నేళ్ళూ ఆ మాట నర్సింహ తండ్రి రామలింగయ్య ఇచ్చాడు. తాగి ఉన్నా ఇచ్చాడు, జ్వరంతో వణుకుతూ కూడా ఇచ్చాడు. మొన్న చలికాలంలో రామలింగయ్య పోయాడు. ఇక ఆ ఇంట్లో మిగిలింది నర్సింహ ఒక్కడే.

నర్సింహ మార్మన్.

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు కూడా అతనే. తల్లి చిన్నప్పుడే పోతే నాగమణమ్మే పెంచింది. భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి, తనకంటూ పిల్లలు లేరు. పొద్దున గుడి ఊడ్చి, పగలు ఇళ్ళల్లో పిండివంటలు చేసిపెట్టి, వీణ్ణి బీకాం దాకా నడిపించింది. ఆఫీసులో పరిచయమైన ఒకాయన వెంట సైదాబాద్‌లోని సంఘానికి వెళ్ళడం మొదలుపెట్టి, మూడేళ్ళ కింద నర్సింహ బాప్తిస్మం తీసుకున్నాడు. యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం అని పూర్తి పేరు చెప్పేవాడు. వీధి మాత్రం నీళ్ళల్ల ముంచే చర్చి అనేది.

వీధిలో లొల్లి అయింది. రామలింగయ్య చెప్పు తీశాడు. అడ్డం పడ్డది నాగమణమ్మ. "నాకు అమ్మ కనవడ్డప్పుడు గూడ గిట్లనే లేచిండ్రు అందరు. వాని దేవుడు వానికుండని, నీకేంది?" అంది తమ్ముడితో. ఆ రోజు నుంచి పొద్దున్నే చాయ్ బదులు వేడి పాలు పెట్టి ఇచ్చేది, వాళ్ళ సంఘంలో చాయ్ తాగరని. ఆదివారం వాడు ఏదీ కొనడని, కావాల్సినవి శనివారమే తెచ్చిపెట్టేది.

అప్పట్లోనే ఒకసారి నర్సింహ ఆమెకు తమ ప్రవక్త కథ చెప్పాడు. రెండు వందల ఏళ్ళ కింద, అమెరికాలో ఒక రైతు ఇంటి పిల్లవాడు. పద్నాలుగేళ్ళు. ఏ సంఘం నిజమైనదో తెలియక, అడగడానికి ఒంటరిగా చెట్లలోకి పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముందు చీకటి కమ్మింది. నాలుక కట్టుబడిపోయింది, చచ్చిపోతున్నాననుకున్నాడు. అప్పుడు సూర్యుడి కంటే ఎక్కువ వెలుగు దిగింది.

నాగమణమ్మ చేతిలోని శనగపిండి చేతిలోనే ఉంది. కళ్ళు నిండాయి.

"పాపం, మస్తు భయమైందేమో పిల్లగానికి. మొదలు చీకటే అయితది బిడ్డా. నాకు గూడ గట్లనే. నాలుక మెసల్దు." మళ్ళీ పిండి కలుపుతూ అడిగింది, "చెప్తె ఎవ్వరన్న నమ్మిండ్రా?"

"పాస్టరు నవ్విండట. ఊరంత ఎంటవడ్డరట."

"నమ్మరు. ఎవ్వరు నమ్మరు. నేను నమ్ముతున్న."

సందులో అతని ప్రవక్తను నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. వెనక్కి ఒక్క ప్రశ్న వేయకుండా నమ్మింది.

ఈ ఏడాది ఆషాఢానికి ముందు, సంఘం విడిచిపోయిన ఒకతను తెలుగులో వీడియోలు పెట్టాడు. దర్శనం కథ ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా ఉందని, ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగిందని, గ్రంథం చెక్కి ఉందన్న బంగారు పలకలు ఊరివాళ్ళెవరికీ చూపలేదని, రాయి చూసి నిధులు వెతికినవాడే రాయి చూసి గ్రంథం చెప్పాడని. సంఘానికి వచ్చేవాళ్ళలో కొందరు రావడం మానేశారు. నర్సింహకు దోస్తు అయిన అక్షయ్ కూడా మానేశాడు. శాఖ పెద్ద పురుషోత్తం, బ్యాంకులో చేసి రిటైరైన నెమ్మదస్తుడు, నర్సింహను పిలిచి బోనాల ఆదివారం సాయంత్రం సభ పెడుతున్నామని చెప్పాడు.

"జవాబు నువ్వే చెప్పాలె బ్రదర్. కోపం లేకుండ, దాచకుండ. ముందుగాల ఎదుటోడు ఎట్ల అడుగుతడో నీకు లోపల్నుంచి తెల్వాలె. అప్పుడే జవాబు జవాబైతది."

మంచి సలహానే. నర్సింహ దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు.

గురువారం సాయంత్రం నాగమణమ్మ పొయ్యి దగ్గర గారెలు వేస్తోంది. నర్సింహ పీట లాక్కుని కూర్చున్నాడు.

"అత్తా, అమ్మ నీకెట్ల కనవడ్డదో ఒకసారి చెప్పరాదు?"

ఆమె తిరిగి చూసింది. మూడేళ్ళలో వాడు గుడి ఊసెత్తలేదు. సోమవారం మాట ఇస్తావా అని అడిగితే చూద్దాం అని తప్పించుకు తిరుగుతున్నాడు. ఇప్పుడు తానుగా అడుగుతున్నాడు. ఆమె పొయ్యి కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, చిన్నపిల్లలా చతికిలబడింది.

"కర్ఫ్యూ పెట్టిండ్రు బిడ్డా అప్పుడు. నాకు పద్నాలుగేండ్లుంటయేమో. మా అమ్మకు జరం. జరసేపు సడలిచ్చిండ్రంటే బిందె పట్టుకొని నీళ్లకు ఉరికిన. టైమైపోయిన సంగతి నాకెర్కలే. సందుల కుక్క గూడ లేదు. మిట్టమధ్యాన్నం కండ్ల ముంగట చీకటైంది. ఒర్రుదామంటే గొంతు లేస్తలేదు. సచ్చిన అనుకున్న. గప్పుడు గా కూలిన గుడిగోడ మొదట్ల ఎలుగొచ్చింది. ఎలుగుల ఆమె కూసున్నది. పచ్చచీర, ఇరబోసుకున్న జుట్టు. 'ఎవ్వరు రాకుంటే నేనెట్లుండాలె బిడ్డా' అన్నది. గంతే. గంతే అన్నది."

"పక్కింటి రమాబాయమ్మకు చెప్పినప్పుడు పక్కన పోతరాజు గూడ ఉన్నడన్నవు."

"ఉన్నడు."

"ఇప్పుడు చెప్పలేదు."

"నువ్వు అమ్మ ముచ్చట అడిగినవ్ గద."

"మరి ఆ రోజు ఇంటికొచ్చి ఉత్త ఎలుగే చూసిన అన్నవట. మనిషిని చూసిన అనలేదట. బాపు చెప్పేటోడు."

"మా అమ్మ కొడ్తదని భయమయ్యి సగమే చెప్పిన."

"అంటే అబద్ధమాడినవ్."

"అబద్ధమెందుకైతది? సగం అన్న గద."

"ఏ సగం నిజం అత్తా? ఎలుగా, మనిషా?"

ఆమె నవ్వడానికి చూసింది. వాడి ముఖంలో నవ్వు లేదు. గుమ్మం దగ్గర అప్పటికే కాసేపటి నుంచి నీడ పడి ఉంది. గుడి కమిటీ అధ్యక్షుడు వైకుంఠం, స్టీలు సామాన్ల దుకాణం ఆయన, మైకు సంగతి అడగడానికి వచ్చి అక్కడే నిలబడిపోయాడు. నర్సింహ అతన్ని చూశాడు. చూసి ఆగలేదు. వినేవాడు ఒకడు దొరికాక ఇంకొంచెం బాగా అడిగాడు.

"గద్దె కట్టేదాంక నీ ముచ్చట్ల పోతరాజు లేడు. పోతరాజు గద్దె కూడ కావాలన్న ఏడు వచ్చిండు. ఎట్ల వచ్చిండు?"

"నర్సిగా…"

"తిండి లేదు, ఎండ, జరమోళ్ల పక్కన పండుకున్న పిల్లవు. కండ్లు తిరిగి పడ్డవు. లేచినంక ఏదో చూసిన అనుకున్నవు. చుట్టుపక్కలోళ్లు ఏం వినాలనుకున్నరో గది ఒకటొకటి కలిపినవు. గంతేనేమో? నువ్వు ఒట్టేసి కాదని చెప్పగలవా?"

నాగమణమ్మ కళ్ళు మూసుకుని మళ్ళీ ఆ సందులోకి చూసింది. పచ్చచీరేనా, పసుపా? జుట్టు ఇరబోసుకుందా, ముడి ఉందా? ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె తను చూసినదాన్ని తడిమి చూసుకుంది. తడిమినకొద్దీ అది చేతికి దొరకలేదు.

ఆ ముఖం చూసి నర్సింహ తేలిగ్గా నవ్వాడు. "ఫికర్ చేయకు అత్తా. ఆదివారం నన్ను గిట్లనే అడుగుతరు. ఎట్ల కొడ్తరో తెల్వాలె గద. ప్రాక్టీస్ చేసిన, అంతే."

"నన్ను కొట్టి చూసుకున్నవా?" అంది ఆమె. తర్వాత లేచి పొయ్యి వెలిగించింది. "కొట్టు. నీకు పనికొస్తదంటే కొట్టు."

గుమ్మంలో వైకుంఠం తల పంకించాడు. "అడిగే తరీఖ గిట్లుండాలె. సదువంటే గిది. షాబాష్ రా నర్సింహా!"

వైకుంఠానికి ఆ ప్రశ్నలు ఎందుకు అంత నచ్చాయో వీధికంతా తెలుసు. కిందటేడు రంగంలో నాగమణమ్మ కుండ మీద ఊగుతూ, "నా గోడకు షట్టర్ ఆనిచ్చిండ్రు, నాకు ఊపిరాడ్తలేదు" అంది. ఆ షట్టర్ వైకుంఠం గోదాముది. అమ్మవారిని ఏమీ అనలేడు. ఆమె నోటిని ఏం చేయాలో ఏడాదిగా ఆలోచిస్తున్నాడు. ఆలోచన ఇప్పుడు గారెల వాసనతో పాటు తేరగా దొరికింది.

ఆదివారం నాగమణమ్మ పొద్దున్నే బోనమెత్తింది. సాయంత్రానికి, ముఖాన పసుపు కూడా సరిగా కడుక్కోకుండా, షేర్ ఆటో పట్టుకుని సైదాబాద్ వచ్చేసింది. తన పిల్లవాడు మైకులో మాట్లాడతాడట, వినాలి కదా. సభలో ఆఖరి వరసలో, గోడవైపు కుర్చీలో, చెప్పులు కుర్చీ కింద దాచుకుని కూర్చుంది. పురుషోత్తం చూసి, ముందుకు రమ్మని చేయి పట్టి పిలిచాడు. ఆమె రానంది. "వాడు నన్ను జూస్తె తడవడతడు సారూ."

నర్సింహ తడబడలేదు. అంత బాగా మాట్లాడటం అతనికి అంతకు ముందెప్పుడూ రాలేదు. రాయి గురించి అడిగితే, "ఎండల ఫోన్ చూడాలంటే మనం చెయ్యి అడ్డం పెట్టుకుంటం. ఆయన రాయిల అక్షరాలు కనవడాలని టోపీ అడ్డం పెట్టుకున్నడు. నవ్వేది అడ్డం పెట్టుకున్న టోపీని చూసా, చూపించిన దేవుణ్ణి చూసా?" అన్నాడు. నిధుల సంగతి దాచలేదు. ఆ కాలంలో ఆ ఊళ్ళో చాలామంది వెతికారని, కూలికి ఈయనా తవ్వాడని ఒప్పుకున్నాడు. పలకలు చూశామని సంతకం పెట్టిన సాక్షులు ఉన్నారని, వాళ్ళల్లో కొందరు తర్వాత ఆయనతో గొడవపడి సంఘం విడిచిపోయి కూడా చూడలేదని మాత్రం అనలేదని చెప్పాడు.

అక్షయ్ లేచాడు. "గవన్ని సరే భాయ్. ఒకపారి ప్రభువును చూసిన అంటడు. ఒకపారి ఇద్దరంటడు. ఇంకోపారి దేవదూతలు గూడ ఉన్నరంటడు. ఏది పట్టుకోవాలె? నిజమైతే ఒక్కతీరుగ ఉండాలె గద?"

నర్సింహ కాగితం పక్కన పెట్టాడు.

"ఒక్కతీరుగ చెప్పేటోడు బట్టీ పట్టినోడు. నిజంగ చూసినోడు ఎదుటి మనిషిని బట్టి చెప్తడు. తన పాపాల గురించి దుఃఖపడుతూ తనకోసం రాసుకున్నప్పుడు క్షమించిన ప్రభువు గురించి రాసిండు. ఇంటికొచ్చిన చుట్టానికి వేరే చెప్పిండు. సంఘం చరిత్ర అని కూసొని చెప్పినప్పుడు తండ్రీ కుమారుడూ అని పూర్తిగ చెప్పిండు. భయమున్నప్పుడు సగం చెప్తం. ధైర్యం వచ్చినంక మిగిలిన సగం చెప్తం. సగం చెప్పినోడు అబద్ధమాడినట్టా? పద్నాలుగేండ్ల పిల్లగాడు వాడు. చీకటి, వెలుగు, పిలుపు, ఇవి ఎప్పుడు మారలేదు. చీర రంగులు లెక్కవెట్టుకుంట కూసుంటే మనిషి కనవడడు."

చీర రంగులు అన్నది ఎక్కడి నుంచి వచ్చి నోట్లో పడిందో అతను గమనించలేదు. ప్రవక్త కథలో చీర ఎక్కడిది? సభలో ఎవరూ గమనించలేదు. ఆఖరి వరసలో నాగమణమ్మ గమనించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గురువారం నుంచి ఆమె చేతికి దొరకనిది మళ్ళీ దొరికింది. పచ్చచీరే. జుట్టు ఇరబోసుకునే ఉంది. తన పిల్లవాడు తనకోసమే ఇది చెప్పాడు. నేరుగా చెప్పలేక ఇట్ల చెప్పాడు.

సభ అయ్యాక పురుషోత్తం నర్సింహ భుజం తట్టాడు. "ఇంత మంచిగ ఎట్ల నేర్చినవ్ బ్రదర్?"

"ఇంట్ల ప్రాక్టీస్ చేసిన బ్రదర్," అన్నాడు నర్సింహ.

సోమవారం పొద్దున గుడి ముందర వీధంతా ఉంది. డప్పులు, వేపరొట్ట, పొగ. నర్సింహ శనివారం ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన పచ్చికుండ గద్దె ముందు నిలబెట్టి ఉంది. నాగమణమ్మ పసుపుచీరలో, వేపకొమ్మ చేతబట్టి నిలబడింది. నర్సింహ ఆఫీసుకు పోయే బట్టలతో ఒక పక్కన ఉన్నాడు. ఏమీ అనకుండా వెళ్ళిపోదామనే వచ్చాడు.

వైకుంఠం మైకు తీసుకున్నాడు.

"నేను అమ్మవారిని తప్పువట్టెటోణ్ణి గాను. కని రోజులు మారినయి. ఫోన్లల్ల లోకమంత చూస్తున్నది మనల్ని. ఇంటి మాటకు ముందుగాల రెండు ముచ్చట్లు అడుగుదం. నాగమణమ్మా, ఆ రోజు నువ్వు చూసింది ఎలుగా, మనిషా?"

ఎవరో వెనక నుంచి, "ఏంది సేటు, అమ్మోరికి ఇంటర్వ్యూ వెడ్తున్నవా?" అన్నాడు. నవ్వులు.

"ఎలుగు చూసిన, ఎలుగుల మనిషిని చూసిన," అంది నాగమణమ్మ.

"మీ అమ్మకు ఉత్త ఎలుగన్నవ్. కొన్నాళ్లకు అమ్మ ఒక్కతే అన్నవ్. గద్దె కావాలన్న ఏడు పోతరాజును గూడ తోల్కొచ్చినవ్. వచ్చే ఏడు ఇంకెవల్ని తెస్తవ్?"

ఈసారి నవ్వు పెద్దదైంది. నర్సింహ తల ఎత్తాడు. అవి తన ప్రశ్నలు. తన వరసలోనే, తన విరుపుతోనే ఉన్నాయి.

నాగమణమ్మ భయపడలేదు. గురువారం అయితే భయపడేది. ఇప్పుడు ఆమె దగ్గర జవాబుంది.

"ఎదుటోళ్లను బట్టి చెప్పిన సేటూ. భయమున్నప్పుడు సగం చెప్పిన, ధైర్యమొచ్చినంక మిగిలిన సగం చెప్పిన. సగం చెప్పినోళ్లు అబద్ధమాడినట్టు గాదు. ఒక్కతీరుగ చెప్పేటోళ్లు బట్టీ పట్టినోళ్లు." ఒక్క తప్పు పోకుండా చెప్పింది. చెప్పి, వేపకొమ్మతో నర్సింహ వైపు చూపించింది. "నేను గాదు చెప్పేది. మా నర్సింహ చెప్పిండు, నిన్న సభల, అందరి ముంగట. సదువుకున్నోడు. అడుగుండ్రి."

వీధి మొత్తం అతని వైపు తిరిగింది. ఆమె ముఖం వెలిగిపోతోంది. చిన్నప్పుడు బడిలో ఫస్టొచ్చాడని ఇంటింటికీ తిరిగి చెప్పినప్పుడు ఉన్న ముఖం అది.

ఆ జవాబు నిజమే. నిన్న అది నిజమని ఎంతమంది కళ్ళల్లోనో చూశాడు. కానీ ఆ జవాబు ఈమెను కూడా ఒడ్డుకు చేర్చేదైతే, మరి దానితో తన ప్రవక్తకు ఒరిగిందేమిటి? చూశానన్న ప్రతివాళ్ళనూ దాటించే పడవలో తన ప్రవక్త ఎందుకు ఎక్కాలి? వీళ్ళల్లో ఎవడో ఫోన్ పట్టుకుని తీస్తున్నాడు. రేపు అక్షయ్ చూస్తాడు. విగ్రహం ముందర సాక్ష్యమిచ్చాడని సంఘంలో అనుకుంటారు. ఇవన్నీ ఒక్కసారిగా తలలోకి వచ్చాయి. అత్త మాత్రం రాలేదు.

"అది వేరే," అన్నాడు.

"ఏంది?" అన్నాడు వైకుంఠం. వినబడింది. మైకు అందించాడు. "అందరికి వినవడేటట్టు చెప్పు బిడ్డా. ఏం వేరే?"

"నేను చెప్పింది మా ప్రవక్త గురించి. అది వేరే." మైకులో తన గొంతు తనకే గట్టిగా తగిలింది. ఆపలేకపోయాడు. "అది నిజంగ జరిగింది."

డప్పు పట్టుకున్నవాడు కూడా కర్ర ఆపేశాడు. నాగమణమ్మ కొమ్మ దించింది. ఆమె అడిగింది ఎవరికీ వినబడేది కాదు గానీ, మైకు దగ్గరగా ఉండటం వల్ల సందు చివరి దాకా వినబడింది.

"నాది జరగలేదా, బిడ్డా?"

అతను జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం కూడా మైకులో వినబడింది.

ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఇంకెవరో, "ఇంటోడే ఒప్పుకుంటలేడు, ఇగ మనకేంది!" అన్నారు. వైకుంఠం బాధగా ముఖం పెట్టి, ఇంటి మాట లేనిదే కుండ ఎక్కించడం పాతవాళ్ళ పద్ధతి కాదన్నాడు. శాలిబండ నుంచి అమల అనే ఆమెను ముందే పిలిపించి ఉంచారు. ఆమె వెంట ఆమె అన్న కూడా వచ్చి ఉన్నాడు, ఇంటి మాట ఇవ్వడానికి. అడగకముందే ఇచ్చేశాడు.

అమలకు కట్టడానికి వేరే పసుపుచీర లేదు. కమిటీవాళ్ళు ఇటూ అటూ చూశారు. నాగమణమ్మ ఎవరూ చెప్పకుండానే లోపలికి పోయి, పాతచీర కట్టుకుని, పసుపుచీర మడిచి తెచ్చి ఇచ్చింది. ఆషాఢపు ముసురుకు ఇంకా తడి ఆరని అంచు.

అమల కుండ ఎక్కింది. వానలు బాగా పడతాయంది. నా గుడి పనులు చూసేవాళ్ళు చల్లగా ఉండాలంది. షట్టర్ మాట రాలేదు. కుండ పగల్లేదు. చూశారా, కుండ పగల్లేదు, అమ్మ ఒప్పుకుంది అని వీధి చెప్పుకుంది. కిందటేడు, అంతకు ముందేడు, అన్నేళ్ళూ పగల్లేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మంగళవారం పొద్దున నర్సింహ లేచేసరికి పాలు వేడిగా ఉన్నాయి. చక్కెర సరిగ్గా వేసి ఉంది. నాగమణమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. గుడి ఊడ్చే చీపురు మూలన ఉంది. ఏదైనా అంటుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక ఆమె అడిగింది.

"గా పిల్లగాడు… మీ పద్నాలుగేండ్ల పిల్లగాడు. ఇంట్ల ఎవ్వరన్న నమ్మిండ్రా వాన్ని?"

నర్సింహకు ఆ జవాబు బాగా తెలుసు. ప్రసంగం కోసం చదివాడు. "నమ్మిండ్రు. వాళ్ల బాపు నమ్మిండు. దేవుని నుంచే వచ్చింది, చెప్పినట్టు చెయ్ అన్నడట. తల్లి, అన్నదమ్ములు అందరు నమ్మిండ్రు."

ఆమె చాలాసేపు తల ఊపింది.

"అదృష్టవంతుడు," అంది. గ్లాసు తీసుకుని కడగడానికి పోయింది.

ఆ తర్వాత ఆమె దర్శనం మాట ఎత్తలేదు. జ్వరం పిల్లల్ని చంకనేసుకుని వచ్చే తల్లులు ఎప్పటిలా తలుపు తట్టి, అమ్మ చేయి పెట్టమని అడిగితే, "నాకేం తెల్వదు తల్లీ, నా కండ్లు తిరిగి పడ్డ గప్పుడు, దవాఖానకు పోండ్రి" అని తలుపు వేసేది. నర్సింహ ప్రశ్నల్లో ఆమెకు పూర్తిగా మిగిలిన మాట అదొక్కటే. చలి ముదరకముందే, వంటలు చేసే ఇంట్లో కూర్చున్నచోటే ఒరిగిపోయింది. నర్సింహ అన్నీ పద్ధతిగా జరిపించాడు. ఎక్కడా తక్కువ చేయలేదు. వీధి కూడా మెచ్చుకుంది. సంఘంలో అతని మాటలు విని తిరిగి వచ్చినవాళ్ళు ఉన్నారు. అక్షయ్ కూడా వచ్చాడు.

ఏడాది నిండాక, చనిపోయిన తమవాళ్ళ తరఫున బ్రతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకునే సంస్కారానికి నర్సింహ అత్త పేరు పంపాడు. అది వాళ్ళ నమ్మకంలో పోయినవాళ్ళకు ఇవ్వగలిగిన పెద్ద ప్రేమ. పంపిన రోజు అతను నిజంగానే ఏడ్చాడు. నాగమణమ్మ, హైదరాబాద్, పుట్టిన ఏడు సుమారుగా, పోయిన తేదీ. అంతవరకే అడుగుతారు, అంతవరకే ఇచ్చాడు. ఏం చూసిందో చెప్పే చోటు అందులో లేదు.

గుడి గోడకు ఇప్పుడు కొత్త రాతిపలక ఉంది. కమిటీ పేర్లన్నీ చెక్కారు. షట్టర్ అలాగే ఆనుకుని ఉంది. ఆ వైపు ఎప్పుడైనా వస్తే ఆ పలక చదవండి, తప్పులేదు. చదివాక, కర్ఫ్యూ వేళ ఎవరూ లేని సందులో ఖాళీ బిందెతో నిలబడిపోయిన ఒక పద్నాలుగేళ్ళ పిల్లను గుర్తు చేసుకోండి. పచ్చచీర అన్నా సరే, పసుపుచీర అన్నా సరే. ఒక్కసారి, పైకి అక్కర్లేదు, మనసులోనే, నాగమణమ్మ చూసింది అనుకోండి. ఆమెకు ఇంటి మాట ఇచ్చేవాళ్ళు ఇక ఎవరూ లేరు.